కొసరు

మా దుకాణంలో మనుషుల్ని బెల్లంతో తూస్తారు. కొత్తవాళ్ళకు చెప్తే నవ్వుతారు గాని మాకది మా మామగారి నాటి నుంచీ ఉన్న వ్యాపారం. వరంగల్ బీట్‌బజార్‌లో మాది బెల్లం దుకాణం. రెండేళ్ళకొకసారి మేడారం జాతర దగ్గరపడుతుందంటే చాలు, దుకాణం ముందు మూడు దుంగలు పాతి పెద్ద కాంటా వేలాడదీస్తాం. ఆపదలో మొక్కుకున్నవాళ్ళు వచ్చి ఒక పల్లెంలో కూర్చుంటారు. రెండో పల్లెంలో బెల్లం ముద్దలు పేరుస్తాం. మనిషికి బెల్లం సరితూగితే అది నిలువెత్తు బంగారం. జాతర రోజుల్లో బెల్లాన్ని బెల్లం అంటే తప్పు, బంగారమనే అనాలి. ఆ బంగారాన్ని సమ్మక్క సారలమ్మల గద్దెల దగ్గర సమర్పించి మొక్కు తీర్చుకుంటారు.

మా ఆయన వీరభద్రం ఆ కాంటా దగ్గర నిలబడితే చూడాలి. దుకాణంలో మామూలుగా ఎవరితోనూ నాలుగు మాటలు మాట్లాడని మనిషి, ఆ నెల రోజులు పెళ్ళి పెద్దలా తిరిగేవాడు. ముల్లు మధ్యకు రాగానే చెయ్యెత్తి "సరి తూగింది" అనేవాడు. ఆ వెంటనే హమాలీ వైపు తిరిగి "కొసరు వెయ్యి కట్టయ్యా" అనేవాడు. ఇంకో ముద్ద ఉత్తగా పడేది. తూకం మనిషిది, కొసరు తల్లిది అని ఆయన లెక్క. ఆ కొసరు పడ్డప్పుడల్లా మా మరిది రాంచందర్ మొహం పక్కకు తిప్పుకునేవాడు.

ఎనభై ఎనిమిది జాతరకు ఆ పల్లెంలో ఆయనే కూర్చున్నాడు. ఆ సీజన్ గురించి బజారంతా చెప్పుకునే కథ ఒకటుంది. వినడానికి చాలా బాగుంటుంది. నేను చెప్పేది అది కాదు.

ముందటి వానాకాలంలో ఆయన దగ్గులో నెత్తురు పడింది. ఊపిరితిత్తుల్లో కాన్సర్, బాగా ముదిరిపోయింది అన్నారు. హైదరాబాదులో గది తీసుకుని నెలల తరబడి ఉన్నాం. రేడియేషన్ కరెంటు పెట్టించాం, సూదులు వేయించాం. జుట్టు పోయింది, ఒళ్ళు పోయింది, చొక్కా లోపల మనిషిని వెతుక్కోవాల్సి వచ్చేది. ఇక్కడ మా అత్త తల్లులకు మొక్కింది, కొడుకు బతికి వస్తే నిలువెత్తు బంగారం ఇస్తానని.

చలికాలం మొదట్లో పెద్ద డాక్టర్ ఛాతీ ఫోటోను లైటు ముందు పెట్టి చాలాసేపు చూశాడు. "గడ్డ కరిగింది. ఛాతీ క్లియర్‌గా ఉంది" అన్నాడు.

రాంచందర్ కూర్చున్నచోటే రెండు చేతులూ జోడించాడు. "అమ్మకు ఫోన్ చేసి వస్త వదినా" అని బయటికి ఉరికాడు. అతను విన్నది అంతే. తర్వాత మా ఇంట్లో చెల్లింది కూడా అంతే.

మిగతా సగం నేనూ ఆయనా విన్నాం. "నేను ఛాతీ వరకే చెప్తున్నానమ్మా" అన్నాడు డాక్టర్. "ఈ రకం కాన్సర్‌కు తలలోకి పోయే గుణం ఉంది. మనం వేసిన మందు తలలోకి సరిగా ఎక్కదు. నెల తిరగ్గానే తీసుకురండి, తలకు స్కానింగ్ చేయిద్దాం. ఇప్పుడు మిషన్ ఇక్కడే ఉంది. చిన్నగా ఉన్నప్పుడు పట్టుకుంటే తలకు కూడా కరెంటు పెడతాం."

"పెడితే మొత్తం పోతదా సార్?" అని ఆయన అడిగాడు.

"అట్లా అబద్ధం చెప్పను. కానీ తెలివితో, మాటతో, మీ పని మీరు చేసుకుంటూ గడిపే కాలం పెరుగుతుంది. కొన్ని నెలలు కావచ్చు, అదృష్టం బాగుంటే ఇంకా ఎక్కువ కావచ్చు."

ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ నవ్వాడు. "అంటే కొసరన్నట్టు."

డాక్టర్‌కు ఆ మాట నచ్చింది. "అంతే. ఆ కొసరు వదులుకోకండి" అన్నాడు.

మేము రైలు దిగి ఇంటికి చేరేసరికి అత్త గుమ్మంలో కొబ్బరికాయ పట్టుకుని నిలబడి ఉంది. బజారు బజారంతా తెలిసిపోయింది, వీరభద్రం సేటుకు కాన్సర్ సాఫ్ అయిందని. తలకు స్కానింగ్ ఉందని నేను చెప్పబోతే అత్త చెయ్యి అడ్డం పెట్టింది. "మంచి మాట ఇని ఇంట్లకు వస్తాన్రు. గుమ్మంల నిలవడి చెడ్డ మాట తియ్యకు బిడ్డా" అంది. సరే, లోపలికి వెళ్ళాక చెప్దామనుకున్నాను. లోపల వినేవాళ్ళెవరు.

జనవరిలో కాంటా లేచింది. అప్పుడే ఆయనకు తలనొప్పి మొదలైంది. తెల్లవారి లేస్తూనే రెండు చేతులతో తల పట్టుకునేవాడు, ఏమీ తినకుండానే వాంతి అయ్యేది. పొద్దెక్కితే కొంచెం తేరుకుని దుకాణానికి పోయేవాడు. ఒకరోజు నేను చాయ్ తీసుకుని పోతే కాంటా దగ్గర గొడవ జరుగుతోంది. నెక్కొండ నుంచి వచ్చినాయన, "సేటు, ముల్లు గటే ఒరిగుంది, సరి తూగింది అంటానవేంది" అంటున్నాడు. నిజంగానే ముల్లు ఎడమకు ఒరిగి ఉంది. మా ఆయన దాన్నే చూస్తూ చెయ్యెత్తి నిలబడి ఉన్నాడు. కట్టయ్య రెండు ముద్దలు తెచ్చి వేశాడు.

ఆ పూటే రిక్షాలో హనుమకొండకు, రాజేశ్వర్ రావు డాక్టర్ దగ్గరికి తీసుకుపోయాను. మా పిల్లల జ్వరాల నుంచి అత్త మోకాళ్ళ దాకా చూసేది ఆయనే. లైటు వేసి మా ఆయన కళ్ళలోకి చూశాడు, చేతులు చాచమన్నాడు. ఎడమ చెయ్యి మెల్లగా కిందికి జారింది. డాక్టర్ మొహం చూస్తే నాకు విషయం అర్థమైంది.

గోలీలు రాసిచ్చి నాతో విడిగా అన్నాడు. "ఇవి రోగానికి మందు కాదమ్మా. తలలో వాపును కొన్నాళ్ళు అణిచి పెడతాయి, అంతే. రేపో ఎల్లుండో హైదరాబాద్ పోయి స్కానింగ్ చేయించండి. వీటితో మనిషి బాగైపోయినట్టే కనబడతాడు. ఆకలి అయితది, ఒళ్ళు వస్తది. చూసి మోసపోకండి. ఇంకొకటి, వీటిని ఒక్కసారిగా బంద్ చెయ్యొద్దు."

డాక్టర్ చెప్పినట్టే జరిగింది. రెండు పూటల్లో తలనొప్పి మాయమైంది. వాంతులు ఆగాయి. ఆకలి మొదలైంది. ఎట్లాంటి ఆకలి అనుకున్నారు, అత్త సకినాలు చేసి డబ్బాలో పెడితే డబ్బా వెంటనే ఖాళీ. బుగ్గలు నిండాయి, మొహం గుండ్రమైంది, మెడ కింద కండ వచ్చింది. అద్దంలో చూసుకుని ఆయనే మురిసిపోయాడు. చూసినవాళ్ళంతా, "పెండ్లినాడు గూడ గింత కళ లేకుండె" అన్నారు. డాక్టర్ ముందే చెప్పిన మాట నాకు గుర్తుంది కాబట్టి, ఆ బుగ్గలు చూసినప్పుడల్లా సీసా తీసి ఎన్ని గోలీలు మిగిలాయో లెక్కపెట్టేదాన్ని.

హైదరాబాద్ పోదామంటే రాంచందర్ కదల్లేదు. మా మరిది చెడ్డవాడని నేను అనను. అన్నకు జబ్బు చేసినప్పుడు వార్డు బయట నేల మీద పడుకున్నవాడు. కానీ జాతర సీజన్ వస్తే అతనికి ఇంకేమీ కనబడదు.

"స్కానింగ్ ఎక్కడికి పోతది వదినా?" అన్నాడు. "జాతర అయిపోంగనే నేనే కార్ల తీస్కపోత. తలనొప్పి ఉంటే వేరే ముచ్చట. ఇప్పుడు మనిషి మంచిగనే ఉన్నడు గద."

"మంచిగ లేడు. గోలీలు మంచిగ ఉంచినయి. డాక్టర్ సాబ్ ఏం చెప్పిండో నీకు పది మాట్ల చెప్పిన."

"డాక్టర్లు గట్లనే భయపెడతరు. ముందుగాల మూడు నెలలు కూడ బతకడన్నరు. ఏమాయె? అన్న చేతితోని బంగారం తూపిచ్చుకోవాల్నని మంది ములుగు కెల్లి, పరకాల కెల్లి వస్తాన్రు. తల్లి బతికిచ్చిన చెయ్యి అంటాన్రు. ఇప్పుడు ఆయనే లేకపోతే నేనేం చెప్పాలె?"

"స్కానింగ్‌కు పోయిండని చెప్పు."

రాంచందర్ నన్ను తెలివితక్కువదాన్ని చూసినట్టు చూశాడు. "తల్లి బాగు చేసినోడు మళ్ల దవాఖానకు పోయిండని చెప్పన్నా? నువ్వే చెప్పు వదినా, ఎవలన్న నమ్ముతరా మనల?"

డబ్బుకు మాకు ఇబ్బంది లేదు. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు. పైసలు లేక ఆగిపోయామంటే ఎవరినైనా క్షమించగలిగేదాన్ని.

ఎవరితోనూ పని లేదనుకుని మరునాడు పొద్దున్నే సంచి సర్దాను. రెండు జతల బట్టలు, పాత ఛాతీ ఫోటోలు, గోలీలు. ఆయన అంగీ తొడుక్కుంటుంటే సంచి చూపించి, "పదుండ్రి, రైలుకు పోదాం. రాత్రికి మళ్ల రావచ్చు" అన్నాను.

ఆయన మంచం మీద కూర్చున్నాడు. "జాతర అయినంక పోదాం కళావతీ."

"మీరు గూడ గదే మాటనా? మీ కొసరు మీకు వద్దా?"

ఆయన తన అరచేతులు చూసుకున్నాడు. "తీస్తే ఏమన్న కనబడితే?" అన్నాడు మెల్లగా.

"కనబడితే మందు పెడతరు."

"కనబడితే ఇగ నేను మళ్ల రోగిష్టోన్నే గద. ఇప్పుడు బజార్ల నన్ను చూసి చేతులు జోడిస్తాన్రు. మొన్నటిదాక నా గ్లాసు పక్కకు పెట్టినోళ్ళు. ఈ ఒక్క జాతర నన్ను నిలవడనియ్యి. ఎన్నడన్న నిన్ను ఏమన్న అడిగిన్నా?"

అవును, ఎన్నడూ ఏమీ అడగలేదు. అడగక అడగక ఇదొకటి అడిగాడు. నాకు ఆయన మీద వచ్చినంత కోపం రాంచందర్ మీద కూడా రాలేదు. చెయ్యి పట్టి ఈడ్చుకుపోవడానికి చిన్నపిల్లాడు కాదు. సంచి తలుపు వెనక అట్లాగే పెట్టి ఉంచాను, ఎప్పుడు మనసు మారినా బయల్దేరొచ్చని.

మంచి రోజు చూసి ఆయన్ను కాంటాలో కూర్చోబెట్టారు. దుకాణం ముందు నిలబడడానికి చోటు లేదు. డప్పులు పిలిపించాడు రాంచందర్. అత్త కొడుకు నుదుట పసుపు పూసి బొట్టు పెట్టింది. కట్టయ్య ముద్దలు పేరుస్తూ పోయాడు. జబ్బుకు ముందటి జాతరలో ఆయన సరదాకు ఆ పల్లెంలో కూర్చున్నాడు. అప్పుడు పడ్డన్ని ముద్దలు ఇప్పుడూ పడ్డాయి. ముల్లు కదల్లేదు. ఇంకో ముద్ద, మరో ముద్ద. ఇంకా ఆయన వైపే ఒరిగి ఉంది.

"అప్పటి కన్న ఎక్కువనే తూగుతాండు సేటు" అన్నాడు కట్టయ్య, నమ్మలేనట్టు.

ఆ మాటకు జనం గొల్లుమన్నారు. ఒకామెకు పూనకం వచ్చింది. తల్లి సత్యం చూడండి, తీసుకున్నదానికంటే ఎక్కువ ఇచ్చింది అని ఎవరో గట్టిగా అంటున్నారు. అత్త ఏడుస్తూ కాంటా తాడును కళ్ళకద్దుకుంది. ముల్లు మధ్యకు వచ్చాక ఆయనే పల్లెంలోంచి చెయ్యెత్తి, "కొసరు వెయ్యి కట్టయ్యా" అన్నాడు. ఆయన మొహం వెలిగిపోతోంది. ఆ వెలుగు చూసి నాకూ ఒక్క నిమిషం, అందరూ చెప్పేది నిజమేమో, డాక్టర్లే తప్పేమో అనిపించింది. నేనూ మనిషినే కదా.

ఆనాటి నుంచి మా కాంటాకు ఊపిరాడలేదు. ఎవరొచ్చినా సేటు చేతితో మొదటి ముద్ద వేయించమనేవారు. ఆ గుంపులోనే సమ్మమ్మ వచ్చింది. నర్సంపేట పక్క పల్లె. కూలి పని చేసుకునే మనిషి. భర్త ఉప్పలయ్యకు టీబీ. నిలువెత్తు బంగారం తూగించే తాహతు లేదు, ఒక్క ముద్ద కొనుక్కుని మా ఆయన చేతితో ఇప్పించుకుంది. వెళ్ళేటప్పుడు పక్కన నిలబడి ఉన్న నన్ను అడిగింది.

"అమ్మా, మా ఆయనకు సర్కార్ దవాఖానోళ్ళు గోలీలు ఇస్తాన్రు. తింటే కడుపుల మంట అంటాండు. సేటు లెక్కనే తల్లి మీద భారం వేసి బంద్ చేస్తె మంచిదా?"

రాంచందర్ అక్కడే ఉన్నాడు. విన్నాడు. తర్వాతి మనిషిని రమ్మని చెయ్యూపాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆమె రెక్క పట్టుకుని పక్కకు తీసుకుపోయాను. "సేటు గోలీలు బంద్ చెయ్యలే. నేనే రోజు మింగిస్తాన్న. మీ ఆయన గూడ బంద్ చెయ్యొద్దు. కడుపుల మంటైతే బువ్వ తిన్నంక ఎయ్యి. దవాఖానోళ్ళు చాలు అనేదాక ఎయ్యాలె. ఇన్నవా?"

ఆమె తల ఊపింది. నమ్మిందో లేదో తెలియదు.

మేడారం పోయాం. ఎడ్ల బండ్లు, బస్సులు, దుమ్ము, అడవినిండా పొయ్యిల పొగ. జంపన్న వాగులో ఆయనకు స్నానం చేయించారు. బంగారం మూటలు గద్దెల దగ్గర ఇచ్చారు. ఆ జనం తోపులాటలో నేను ఆయన భుజం వదలలేదు. గుడారానికి తిరిగొచ్చాక గోలీ, నీళ్ళు ఇస్తే అత్త నా చెయ్యి పట్టుకుంది.

"మొక్కు చెల్లింది. ఇగ గోలీలెందుకు? తల్లికి అప్పజెప్పినంక మళ్ల మందు మింగుతె నమ్మనట్టే గద" అంది.

"డాక్టర్ సాబ్ ఒక్కసారి బంద్ చెయ్యొద్దన్నడు అత్తమ్మా."

"వీరభద్రం, నువ్వు చెప్పు" అంది అత్త.

ఆయన నా చేతిలో గోలీని చూశాడు, వాళ్ళమ్మను చూశాడు. చుట్టూ మా బజారు వాళ్ళు ఉన్నారు. "ఉండనియ్యి కళావతీ. మంచిగనే ఉన్న గద" అన్నాడు. నేను అందరి ముందూ వాదించాను. ఎవరూ నా మాట వినలేదు. ఇంటికి వచ్చాక అన్నంలో నూరి కలుపుదామని చూస్తే గోలీల సీసా లేదు. అత్త పారేసింది.

జాతర తర్వాత వారానికి తిరుగువారం పండుగ వస్తుంది. ఆ రోజు ఆయన కాంటా తాళ్ళు విప్పిస్తూ నిలబడినవాడు నిలబడినట్టే పడిపోయాడు. ఎడమ చెయ్యి, ఎడమ కాలు కొట్టుకున్నాయి, నోట్లో నురగ వచ్చింది. రాంచందర్ కారు మాట్లాడుకొచ్చాడు. తలుపు వెనక సంచి సర్దినట్టే ఉంది. తీసుకుని ఎక్కాను.

స్కానింగ్ గది చల్లగా ఉంది. ఎంత చల్లగా అంటే ఆయన కాళ్ళకు నా కొంగు కప్పాల్సి వచ్చింది. అక్కడి మనిషి రంగుమందు సూది వేయడానికి బరువెంత అని అడిగాడు. రాంచందర్ అలవాటుగా టక్కున చెప్పేశాడు, "ఎనభై రెండు కిలోలు సార్. పోయిన నెలనే కాంటా మీద చూసినం." ఆ గొంతులో ఇంకా కొంచెం గర్వం ఉంది.

ఆయన తలను ఆ గుండ్రటి మిషన్ లోపలికి పంపారు. మమ్మల్ని బయట కూర్చోమన్నారు.

పెద్ద డాక్టర్ ఫిల్మును లైటు ముందు పెట్టాడు. తలను అడ్డంగా కోసి వరుసగా పేర్చినట్టు బొమ్మలున్నాయి. చెప్పకపోయినా నాకు తెలిసిపోయింది. ఒక్కో బొమ్మలో తెల్లటి మచ్చలు, పెసర గింజంతవి కొన్ని, రేగుపండంతవి కొన్ని, వాటి చుట్టూ నల్లగా వాపు. కుడివైపు ఉన్నది అన్నిటికంటే పెద్దది.

"ఒళ్ళు మంచిగ వచ్చింది గద సార్" అన్నాడు రాంచందర్. "బక్కగైనోడు మళ్ల ఒళ్ళు చేసిండు. బరువు పెరిగిండు. మేం తూచినం."

"అది ఒళ్ళు కాదు. ఆ గోలీలు తింటే మొహం అట్లా ఉబ్బుతుంది, నీరు చేరుతుంది" అన్నాడు డాక్టర్.

అంటే మేము డప్పులు కొట్టి, పసుపు పూసి, అన్ని ముద్దలు పేర్చి తూచింది ఆ వాపును. తల్లులకు ఇచ్చింది వాపెత్తు బంగారం. రాంచందర్‌కు ఆ సంగతి అప్పుడే అర్థమైందనుకుంటాను. కుర్చీలో వెనక్కి జరిగాడు.

డాక్టర్ నా వైపు తిరిగాడు. "నెల తిరగ్గానే రమ్మన్నాను కదమ్మా. అప్పుడైతే ఇవి ఇంత పెద్దగా ఉండేవి కావు. ఎందుకు రాలేదు?"

నేను రాంచందర్‌ను చూశాను. చెప్పాల్సింది అతనే.

"సీజన్ సార్" అన్నాడు రాంచందర్.

"ఏం సీజన్?"

డాక్టర్ ఫిల్మును లైటు మీంచి తీసి కవరులో పెట్టాడు. మళ్ళీ అవే గోలీలు రాశాడు. "తలకు ఇప్పుడు కరెంటు పెడితే ఈయన్ను తిప్పలు పెట్టడమే అవుతుంది. ఇంటికి తీసుకుపోండి" అన్నాడు.

ఈసారి గోలీలు పెద్దగా పని చేయలేదు. ఎడమ పక్క పూర్తిగా పడిపోయింది. తర్వాత మాటలు పోవడం మొదలైంది. పేర్లు పోయాయి. నన్ను చూసి ఒకరోజు కట్టయ్యా అన్నాడు. బుగ్గలు ఎట్లా వచ్చాయో అట్లాగే పోయాయి. ఆ ఒంటిని పక్క మీద తిప్పడానికి నేనొక్కదాన్నే చాలు.

ఇంట్లో ఎవరి కథ వాళ్ళు చెప్పుకున్నారు. "మొక్కు దినం గూడ గోలీ పట్టుకొని నిలవడ్డవు. తల్లికి కోపం రాదా మరి?" అని అత్త నన్నే అంది. సీసా ఎవరు పారేశారని అడిగితే లేచి పూజ గదిలోకి పోయింది. రాంచందర్ దుకాణానికి వచ్చినవాళ్ళకు చెప్పే మాట నేను లోపలి నుంచి విన్నాను. "ఊపిరితిత్తులది మొత్తం సాఫ్. ఫోటో గూడ ఉంది. తలది వేరే రోగం, దానికి దీనికి సంబంధం లే." ఆ మాట అతను నమ్మే చెప్పేవాడని ఇప్పుడు అనిపిస్తుంది. నమ్మకపోతే రాత్రి నిద్ర ఎట్లా పడుతుంది.

ఉగాది దగ్గరికొచ్చింది. పచ్చడికి కొత్త బెల్లం కొనేవాళ్ళతో దుకాణం నిండింది. నేను లోపలి గదిలో ఆయనకు గంజి తాగిస్తున్నాను. రాంచందర్ ఒక బెల్లం ముద్ద రెండు చేతుల్లో పట్టుకుని వచ్చాడు.

"వదినా, నర్సంపేట కెల్లి ఆమె ఎవరో వచ్చింది. అన్న చేతితోని ముద్ద కావాలంటాంది. ఎంత చెప్పిన ఇంటలేదు. జర చెయ్యి తాకిస్త."

నేను ఏమీ అనేలోపే మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. దగ్గరగా ఉన్న ఎడమ చెయ్యి పైకెత్తాడు.

"అది పడిపోయిన చెయ్యి" అన్నాను.

"చెయ్యి చెయ్యే గద వదినా" అన్నాడు.

ఆ వేళ్ళను విప్పి ముద్ద మీద పెట్టాడు. వేళ్ళు జారిపోతే తన చేత్తో అదిమి పట్టుకున్నాడు. రాంచందర్ కళ్ళలో నీళ్ళున్నాయి, అది కూడా చెప్పాలి. అయినా చెయ్యి మాత్రం వదల్లేదు.

ఆయన కళ్ళు తెరిచాడు. బెల్లం వాసనకో ఏమో, తల కొద్దిగా ఇటు తిప్పాడు. వారం రోజులుగా ఒక్క మాట లేని నోరు కదిలింది.

"కొసరు వెయ్యి" అన్నాడు. స్పష్టంగా అన్నాడు.

రాంచందర్ ఆ చెయ్యి వదిలేశాడు. లేవలేదు, కదల్లేదు. నేను అతని చేతిలోంచి ముద్ద లాక్కుని దుకాణంలోకి నడిచాను.

గల్లా ముందు సమ్మమ్మ నిలబడి ఉంది. నన్ను గుర్తుపట్టి రెండు చేతులూ జోడించింది. "అమ్మా, సేటు చేతి బంగారం తిన్నంకనే మా ఆయనకు దగ్గు తగ్గింది. ఇప్పుడు లేసి పనికి పోతాండు."

"గోలీలు మింగుతాండా?" అని అడిగాను.

"మింగుతాండు. నువ్వు చెప్పినవ్ గద, నేను దగ్గరుండి మింగిస్తాన్న. ఐనా గోలీలతోని ఏమైతదమ్మా, అంత ఆ చేతి గుణమే."

ఆమె మొహంలో ఎంత సంతోషమో. ఆ మనిషితో ఏమనాలి. ముద్ద ఆమె సంచిలో వేశాను. బస్తాలోంచి ఇంకోటి తీసి దాని పక్కన పెట్టాను.

"గిదేందమ్మా?" అంది.

"కొసరు. సేటు వెయ్యమన్నడు. గోలీలు మాత్రం బంద్ చెయ్యకు."

సంచి తల మీద పెట్టుకుని ఆమె బస్టాండ్ వైపు పోయింది. నేను తిరిగి గదిలోకి వచ్చాను. రాంచందర్ ఇంకా అక్కడే మోకాళ్ళ మీద ఉన్నాడు. ఆయన కళ్ళు పైకప్పు మీద ఉన్నాయి. మళ్ళీ అదే మాట అంటున్నాడు, కొసరు వెయ్యి, కొసరు వెయ్యి అని, వేసేదాకా ఊరుకోనన్నట్టు.

పక్కన కూర్చుని ఆయన కుడి చెయ్యి పట్టుకున్నాను. వెయ్యడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు.